పాటలో చెప్పని జాడీ

మా మేనత్త అంటే నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ హడలే. కొట్టేది కాదు, తిట్టేది కాదు, ఊరికే చూసేది. ఆ చూపుకి మా నాన్న కూడా భుజం మీది తువ్వాలు సర్దుకునేవాడు.

అలాంటి మనిషి ఒక వేసవిలో వట్లూరులోని తన ఇల్లు నా చేతిలో పెట్టి, మావయ్యతో కాశీ వెళ్ళింది. పన్నెండు రోజులు. నాకు తోడుగా మా చిన్నాన్న కూతురు. అప్పుడే నా డిగ్రీ అయింది. వట్లూరు కాలేజీలో బీఈడీ చేయాలని నా ఆశ. పెంటపాడు నుంచి రోజూ తిరగడం కుదరదు, హాస్టలంటే నాన్న వినడు. "ఇల్లు ఎలా చూస్తుందో చూశాక, మా ఇంట్లో ఉంచుకునే సంగతి చెబుతాను అన్నయ్యా" అంది అత్తయ్య. నా చదువంతా ఆ పన్నెండు రోజుల మీదే ఉంది.

వెళ్ళేముందు ఆవిడ గట్టిగా చెప్పింది ఒక్కటే. ఆవకాయ పెట్టి రెండు రోజులైంది. "రేపు పొడి గరిటెతో తిరగకలిపి, మూతికి వాసెన గుడ్డ కట్టెయ్యండే. ఆపైన జాడీ జోలికి పోకండి. మీకు సీసాలో వేరే తీసిపెట్టాను." ఆ జాడీ నాలుగిళ్ళకి ఏడాది పొడుగునా రావాలి. పైగా ఆవకాయ చెడితే ఇంటికి అరిష్టమని ఆవిడ నమ్మకం.

మేం ఆ ఇల్లు పీకి పందిరేశాం. అత్తయ్య పట్టుచీర కట్టుకుని ఫోటోలు దిగుతూ దానిమీద పాలైసు కార్చాను. మావయ్య ఉయ్యాల బల్ల మీద ఇద్దరం నిలబడి ఊగి గొలుసు తెంచాం. తులసికి నీళ్ళు మరిచిపోయి, గుర్తొచ్చిన రోజు బిందెడు గుమ్మరించాం. సీసా నాలుగు రోజుల్లో ఖాళీ అయింది. ఐదో రోజు అన్నం మధ్యలో లేచి, చెయ్యి కడుక్కుని, తుడుచుకోకుండానే జాడీలో పెట్టాను.

తొమ్మిదో రోజు ముక్కల మీద తెల్లగా బూజు కనిపించింది. "ఏం కాదులే అక్కా" అంది చెల్లి. బూజు పట్టినంత మేరా తీసి పారేశాం. ఏలూరు బజారుకి పోయి, దొరికిన ఆవకాయ కొని తెచ్చి పైన సర్ది, నూనె పోసి, వాసెన బిగించాం.

ఆ భయం భరించలేకే పాట కట్టాను. మా ఊళ్ళో నాట్లేసే ఆడవాళ్ళు పాడే వరసలో.

ఇల్లు చూడమంటివమ్మో అత్తయ్యా, మేం
ఇల్లు పీకి పందిరేశామమ్మో అత్తయ్యా
పట్టుచీర కట్టామమ్మో అత్తయ్యా, దాన్ని
పాలైసులో ముంచామమ్మో అత్తయ్యా
ఉయ్యాలెక్కి ఊగామమ్మో అత్తయ్యా, అది
ఊడి చేతికొచ్చిందమ్మో అత్తయ్యా

చెల్లి పకపకా నవ్వుతూ ఫోన్లో రికార్డు చేసింది. ఎవరో స్నేహితురాలికి పంపబోయి మా కుటుంబం గ్రూపులో పెట్టేసింది. కెవ్వుమని వెంటనే తీసేసింది గానీ, అప్పటికే చూసినవాళ్ళలో అత్తయ్య పేరుంది.

రోజూ ఫోన్ చేసే మనిషి ఆ తర్వాత చేయడం మానేసింది. మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు. వీధిలో ఆటో ఆగితే చాలు, వంటింట్లోకి పరుగెత్తి జాడీ ముందు నిలబడేదాన్ని. అక్కడ నిలబడి ఏం చేద్దామనో నాకే తెలియదు.

పన్నెండో రోజు పొద్దున్నే వచ్చారు. మావయ్య తెగిన గొలుసు చూసి, "పాటలో ఉయ్యాల ఇదేనా అమ్మాయ్?" అని నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు. స్నానం చేసి, చేతులు పొడిగా తుడుచుకుని, నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. మేం గుమ్మంలో నిలబడ్డాం. వాసెన విప్పింది. గరిటెతో పైపైన కదిపి, ఏదో తీసి పళ్ళెంలో పెట్టింది.

వెల్లుల్లి రెబ్బ.

అత్తయ్య ఆవకాయలో వెల్లుల్లి వేయదు. పుట్టినప్పటి నుంచీ తింటున్నాను, నాకా సంగతి తెలియక కాదు. కొట్లో నిలబడ్డప్పుడు భయంలో ఏమీ గుర్తు రాలేదు.

"చీర చరణం విన్నాను. ఉయ్యాల చరణం విన్నాను. దీని చరణం ఏదే?"

"కట్టలేదండీ అత్తయ్యా. భయమేసింది."

"ఇప్పుడు కట్టు."

చెల్లి నా చున్నీ కొస పట్టుకుంది. చదువు పోయిందనే అనుకుని పాడాను.

తడిచెయ్యి పెట్టానమ్మో అత్తయ్యా, జాడీ
తగలేసి దాచానమ్మో అత్తయ్యా

"నవ్వించేవన్నీ పాడి, అసలుది దాచావు" అంది అత్తయ్య. "చీర పోతే పోయింది. ఈ దాచడమే నాకు నచ్చలేదు." ఆవిడ జాడీని పెరటివైపు జరిపి, పెరటి గుమ్మంలో ఆగింది.

"వచ్చే ఏడు ఆవకాయకి కాయలన్నీ నువ్వే తుడవాలి. ఒక్క కాయ మీద తడి కనబడిందో, అప్పుడు చెబుతాను."

వచ్చే ఏడు. అంటే నన్ను ఉంచుకుంటుంది. ఆ మాట అర్థమయ్యేసరికి ఆవిడ పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడి, పొడిగా ఉన్న రెండు చేతుల్నీ చున్నీకేసి తుడుస్తూనే ఉన్నాను.