గేరాయిలు, ఎర్ర కుర్చీ

మా బావ షెడ్డులో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటుంది. నరసన్నపేట దాటాక హైవే పక్కన రేకుల షెడ్డు, దాని ముందు వేపచెట్టు, చెట్టు నీడలో ఆ కుర్చీ. బండి బాగుచేయించుకోడానికి వచ్చినవాళ్ళని బావ అందులో కూర్చోబెట్టి టీ తెప్పిస్తాడు. చుట్టాలకి మాత్రం ఆ మర్యాద లేదు. చుట్టమై షెడ్డులో కాలు పెడితే చొక్కా విప్పి మేకుకి తగిలించాల్సిందే. బండి కిందకి దూరడమో, పానా అందించడమో, టైరు దొర్లించడమో ఏదో ఒకటి చెయ్యాల్సిందే. చేస్తున్నంతసేపూ బావ చేత తిట్లు తినాల్సిందే. కొత్తల్లుడు పట్టుపంచె కట్టుకొచ్చినా అంతే. ఇరవయ్యేళ్ళపాటు నేను ఆ కుర్చీలో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

బావంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. నాది వరి సేద్యం. వంశధార గట్టు వెంబడి కొంత పొలం, కళింగపట్నం వెళ్ళే దారిలో కాస్త కొబ్బరితోట. ఆ ఇసక దారుల్లో తిరగడానికి నాలుగు చక్రాలూ లాగే పాత జీపు ఉంది. దాని వయసు చెప్తే నా వయసు కూడా చెప్పాల్సి వస్తుంది, వద్దులెండి. ఆ జీపుకి కొన్ననాటి నుంచీ బావే వైద్యుడు.

మా ఇద్దరికీ చెడింది గేరాయిల్ దగ్గర. రెండేళ్ళ కిందట నేను విశాఖపట్నం వెళ్ళి, మెరిసిపోయే డబ్బాలో ఖరీదైన గేరాయిల్ తెచ్చాను. బావ ఒక చుక్క వేలి మీద వేసుకుని వాసన చూశాడు.

"ఇది మన బండికి పనికిరాదురా. మన గేరు బాక్సులో ఇత్తడి రింగులుంటాయి. ఇందులో కలిపిన మందు ఇత్తడిని తినేస్తాది. పాత రకమే పోద్దాం," అన్నాడు.

సరే బావా అంటే నా సొమ్మేం పోయేది? కానీ అప్పుడు షెడ్డులో ఇంకో నలుగురున్నారు. నలుగురి ముందు నేను తగ్గడమా! నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

"పెద్ద సదువులు సదివినోళ్ళు సేసిన నూనె బావా ఇది. డబ్బా మీద ఏటి రాసుందో సూడ్డానికి నీకు సదువొస్తే కదా!" అనేశాను.

బావ మూడో తరగతిలో బడి మానేసి పానా పట్టినవాడు. ఆ మాట నా నోట్లోంచి ఊడిపడ్డాక, అయ్యో అనిపించింది. బావ మాత్రం నేను తెచ్చిన డబ్బా మూత తీసి, ఆ నూనే పోశాడు. నట్టు బిగించి చేతులు తుడుచుకున్నాడు. "కూర్చోండి. టీ తాగి ఎల్దురు గాని," అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు. ఆ రోజు నుంచి బావ నన్ను తిట్టడం మానేశాడు. వాళ్ళింటికి వెళ్తే "రండి", భోజనాల దగ్గర "వడ్డించుకోండి", బయల్దేరితే "మంచిది". మా వైపు బావా బావమరుదులు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోకపోతే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే ఉంటుంది. మా అప్ప గరిట పట్టుకుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేది. అడగడానికి దానికి భయం, చెప్పడానికి నాకు సిగ్గు. తప్పు నాదే అని తెలుసు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళి చెప్పను? జీపుకి చిన్నాచితకా పనులొస్తే వేరేచోట చేయించుకున్నాను.

మొన్న ఉభాల ముందు, అంటే వరినాట్ల ముందు, రెండో గేరు ఏడవడం మొదలెట్టింది. వేసినప్పుడల్లా కరకరమని ఒకటే అరుపు. ఎందుకో నాకు తెలుసు. తెలిసినా, బావ దగ్గరికి వెళ్ళడానికి మనసొప్పలేదు. ఇరవయ్యేళ్ళు పక్కనుండి చూసినవాణ్ణి, ఆ మాత్రం నూనె నేను మార్చలేనా అని బయల్దేరాను.

పొద్దున్నే పెరట్లో జీపు నిలబెట్టి కిందకి దూరాను. మా ఆవిడ పిండి కలిపే బేసిను పెట్టి, గేరు బాక్సు అడుగు నట్టు విప్పాను. పాత నూనె చక్కగా ధార కట్టి బేసినులోకి దిగింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. అడుగు నట్టు మళ్ళీ బిగించి, కొత్త నూనె పొయ్యడానికి పక్క నట్టు పట్టుకున్నాను. అది కదల్లేదు. పానాకి ఇనప గొట్టం తొడిగి బలం కొద్దీ తొక్కాను. పానా జారి నట్టు మూలలన్నీ అరిగి గుండ్రమైపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది. "ముందు పోసే కన్నం తెరుచుకున్నాదో నేదో సూసుకోవాలిరా గాడిదా, ఆ తరవాతే కారే కన్నం," అని బావ ప్రతిసారీ చెప్పేవాడు. నేను గాడిదా అన్నది మాత్రం విని నవ్వుకునేవాణ్ణి.

ఇప్పుడు పాత నూనె లేదు, కొత్త నూనె పొయ్యడానికి దారి లేదు. ఇంజను వేస్తే గేర్లు అరిగి చస్తాయి. మా ఆవిడ వచ్చి బేసిను చూసింది.

"నా బేసినూ పోనాది, నీ జీపూ పోనాది. ఇంకెవరు తీస్తారు దాన్ని? నోరు మూసుకుని మీ బావ కాడికెల్లు," అంది.

పక్కింటి ట్రాక్టరుకి తాడు కట్టి జీపుని లాగించాను. నరసన్నపేట బజారు మధ్యలోంచి నేను స్టీరింగు పట్టుకుని తల దించుకుని పోతుంటే, రైసుమిల్లు గుమాస్తా గట్టిగా అరిచాడు: "ఏటి బుగతా, జీపుకి పెళ్ళేటి? మేళం ఎక్కడ?" బుగతంటే మా వైపు ఆసామి. ఆ ఆసామి పరువు అక్కడే గంగలో కలిసింది.

బావ షెడ్డులోంచి బయటికి వచ్చాడు. తాడు చూశాడు, జీపు చూశాడు, నన్ను చూశాడు. పడీ పడీ నవ్వుతాడనుకున్నాను. ఆయన తువ్వాలుతో కుర్చీ దులిపి, "కూర్చోండి," అన్నాడు. టీ చెప్పాడు. ఆ ఎర్ర కుర్చీలో కూర్చున్నాను. ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది.

"పాత నూనె ఉన్నాదాండి?" అని అడిగాడు. డబ్బాలో పోసి తెచ్చిన నూనె ఇచ్చాను. అరచేతిలో కొంచెం పోసుకుని ఎండలోకి చాపాడు. నల్లటి నూనెలో పసుప్పచ్చని మెరుపులు. ఇత్తడి పొడి. 'నాను సెప్పనేదేటి?' అంటాడని చూశాను. ఆ ఒక్క మాటా అనేస్తే నా ప్రాణం హాయిగా ఉండేది. ఆయన చెయ్యి తుడుచుకుని జీపు కిందకి వెళ్ళిపోయాడు.

అరిగిపోయిన నట్టు మీద ఇంకో నట్టు పెట్టి వెల్డింగు చేశాడు. ఆ వేడి మీదే పానా వేసి ఒక్క గుంజు గుంజాడు. చిన్నగా కీచుమని నట్టు వచ్చేసింది. అడుగు నట్టు కూడా విప్పి, పల్చటి నూనెతో లోపలంతా కడిగి, మళ్ళీ బిగించాడు.

ఇక పాత రకం గేరాయిల్ పొయ్యాలి. ఇది ఇద్దరు చేసే పని. ఒకడు పైన గేరు రాడ్డు పక్క సందులోంచి పక్క కన్నంలోకి గొట్టం దింపి, గరాటు పెట్టి నూనె పోస్తాడు. రెండోవాడు కింద పడుకుని, ఆ కన్నం అంచు దాకా నూనె వచ్చి చుక్క కారగానే చాలని కేకెయ్యాలి. ఇరవయ్యేళ్ళూ పైన పోసేవాణ్ణి నేనే. ఆ రోజు బావ గరాటుని తీగతో కట్టుకుని, కాస్త పోసి కిందకి దూరి చూసి, మళ్ళీ పైకొచ్చి కాస్త పోస్తున్నాడు. అరవయ్యేళ్ళకి దగ్గరపడ్డ మనిషి. మూడోసారి లేచేటప్పుడు మోకాలు పట్టుకుని "అమ్మా" అన్నాడు. నేను కుర్చీలో టీ గ్లాసుతో కూర్చుని ఉన్నాను. ఛీ, నా బతుకు అనుకున్నాను.

గ్లాసు కింద పెట్టి లేచాను. చొక్కా విప్పి మేకుకి తగిలించాను. బావ కింద ఉండగానే నూనె డబ్బా అందుకున్నాను.

"బావా, నాను పోస్తాను."

డబ్బా వంచి గరాటులోకి పొయ్యడం మొదలెట్టాను.

"సదువు మాట నాను అనకూడదు బావా. తప్పయిపోనాది. రెండేళ్ళయి నువ్వు తిట్టక నాకు తిన్న తిండి ఒంటికి పట్టనేదు."

హైవే మీద లారీలు పోతున్నాయి. బావ కాళ్ళు మాత్రం కదలకుండా బయటికి కనిపిస్తున్నాయి. వెళ్ళి కూర్చోండి అంటాడేమోనని భయమేసింది. నా కళ్ళకి మసకలు కమ్మాయి, అయినా పోస్తూనే ఉన్నాను. గరాటు నిండి పొర్లిపోవడం నేను చూడలేదు. పొర్లిన నూనె సందులోంచి దిగి తిన్నగా బావ మొహం మీద పడింది.

"ఒరే ఎర్రి సన్నాసీ!" షెడ్డు రేకులు అదిరేలా అరిచాడు. "గరాటులో పొయ్యమంటే నా నెత్తిన పోస్తావేటిరా? నా మీసాలకి సంపెంగ నూనె గావాలని నిన్నడిగానేటి? ఆపరా గాడిదా, ఆపు!"

నేను ఆపాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. బావ బయటికి పాక్కొచ్చి, నూనె కారుతున్న మొహంతో నన్ను చూసి, నా భుజం మీద ఒక్కటిచ్చాడు. బాగా గట్టిగానే ఇచ్చాడు.

జీపు నడిపి చూశాం. రెండో గేరు అరుపు చాలామటుకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. "తినీసిన ఇత్తడి తిరిగి రాదురా. రెండో గేరు కాడ కొంచెం ఆగి ఎయ్యి, నడుస్తాది," అన్నాడు బావ. దారి పొడవునా నా డ్రైవింగుని తిడుతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి వాళ్ళింటి ముందు జీపు ఆగగానే వీధిలోంచే కేకేశాడు.

"ఒసే, నీ తమ్ముడొచ్చాడే, నూనె పండితుడు! సద్దన్నం ఉంటే పెట్టు ఎదవకి!"

మా అప్ప గరిటతో బయటికి వచ్చింది. నూనె మొహంతో మొగుణ్ణీ, చొక్కా లేని నన్నూ చూసింది. గడప మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తిట్టాడురా," అంది. "రెండేళ్ళకి తిట్టాడు నిన్ను."

వేడన్నం, చేపల పులుసు ఉన్నాయట. నేను చద్దన్నమే అడిగి పెట్టించుకున్నాను. ఉల్లిపాయ కొరుక్కుని తింటుంటే బావ ఇంకా తిడుతూనే ఉన్నాడు. నేను మారు వడ్డించుకున్నాను.