పురుగు ముట్టలేదు

నా పేరు బాలమ్మ. అరవై దాటాయి, ఎంత దాటాయో తెలియదు. నారాయణపేటలో మగ్గం ఇల్లు మాది. భర్త లేడు, కొడుకు నేస్తాడు, నేను కండెలు చుడతాను. నాకు అక్షరం రాదు. చెబుతున్నది నేను, రాస్తున్నది మా వాడకట్టు పంతులు. పోయిన అమావాస్యకు ముందు నా పెద్దబిడ్డ చనిపోయింది. పురుగు ముట్టి, అంటే పామో తేలో కాటేసి, చనిపోయిందని దాని అత్తగారి ఊళ్లో చెప్పుకుంటున్నారు. ఆ ఊరి పేరు నేను పలకను, నోరు పాడవుతుంది. దాని బిడ్డను, నా మనవరాలిని, నేను ఎత్తుకుపోయానని కూడా అంటున్నారట. ఎవరు ఏం చేశారో చదివినవాళ్లు మీరే చెప్పండి.

నా బిడ్డకు చిన్నప్పటి నుంచి వాపు వచ్చేది. రాట్నం ఎక్కువ తిప్పితే చెయ్యి, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా పెదవి. దురద ఉండదు, దద్దు లేవదు. కొన్ని దినాలకు దానంతట అదే దిగేది. పెళ్లయ్యాక పెదవి ఉబ్బినప్పుడల్లా, కోడలు మూతి ముడిచిందని అత్త వాడంతా చాటేది. నా బిడ్డ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

"నేను అలగలేదమ్మా, నా మూతే అలిగింది. అదే దిగొస్తది."

కడుపునొప్పితో మెలికలు తిరిగితే పని ఎగ్గొట్టే వేషాలన్నారు. నొప్పి తగ్గగానే అది లేచి మగ్గం దగ్గరే కూర్చునేది. తెగిన పోగును ఎంత సన్నగా అతికేదంటే, ఆ ముడి చీరలో ఎక్కడుందో నా వేలికి కూడా దొరికేది కాదు. నాకు చదువు రాదని ఎవరైనా ఎగతాళి చేస్తే ఊరుకునేది కాదు. మా అమ్మ పోగులు చదువుతుంది, మీరు చదవండి చూద్దాం అనేది. నా తరఫున అట్లా మాట్లాడినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఒకసారి ముఖమంతా వాచి కళ్లు మూసుకుపోతే హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. అల్లుడూ వచ్చాడు. పక్క మంచం మీద ఒకతను జ్వరానికి సూది వేయించుకుని వాచినవాడు. ఒళ్లంతా దద్దులు, గోకుడే గోకుడు. వాపుకు వేరే సూది ఇస్తే సాయంత్రానికి లేచి చాయ్ తాగాడు. ఆ సూదే నా బిడ్డకు ఇస్తే వాపు దిగలేదు. అప్పుడు డాక్టర్, మీ ఇంట్లో గొంతు మూసుకుపోయి ఎవరైనా చనిపోయారా అని అడిగాడు. దీని తండ్రి నిజాం రాజ్యంలో అట్లాగే పోయాడు, ఆయన తల్లీ అట్లాగే పోయిందని చెప్పాను.

"ఆ పక్క మంచమాయనది మందు పడక వచ్చిన వాపు. ఈమెది రక్తంల వచ్చిన వాపు, తండ్రి నుంచి," అన్నాడు. "పిల్లలకు గూడ రావచ్చు. దీన్ని వేరుతో తీసే మందు మా దగ్గర లేదు. ఊర్ల పన్ను మాత్రం పీకించకున్రి. గొంతు మారిందంటే ఆగకున్రి, తీస్కరండ్రి. గొంతుకు చిల్లు పెట్టన్న ఊపిరి నిలబెడ్తం."

అల్లుడు తల ఊపాడు.

ఈసారి దవడపన్ను సలిపితే అత్తింటివాళ్లు సంతలో పళ్లు పీకేవాడి ముందు కూర్చోబెట్టారు. మర్నాటికి దవడ వాచింది. పురుగు ముట్టిందన్నది వియ్యపురాలు. మా దిక్కు ఏది వాచినా మొదట ఆ మాటే. అది నోట పడ్డాక మంత్రగాడు రావాలి, ఉప్పు బంద్, విషం దిగేదాకా గడప దాటుడు బంద్. వాడొచ్చి ఆకు నమిలి ఆ పసరు దాని ముఖం మీద ఉమ్మాడు. గొంతు బొంగురుపోతుంటే నా బిడ్డ దవాఖాన అన్నదట. తర్వాత మాట రాక చేత్తో వాకిలి చూపించిందట. ఇదంతా నా మనవరాలు కళ్లారా చూసింది. అల్లుడు గడప మీద కూర్చుని ఉన్నాడు, లేవలేదు.

శవానికి నేనే నీళ్లు పోశాను. చెంప మీద ఆ ఉమ్మి ఎండి పెచ్చు కట్టింది. గోటితో గీకాను. వెనక నిలబడి వియ్యపురాలు, "దాని రాత గట్లున్నది వదినా," అన్నది. ఆ ఇంట్లో నేను మంచినీళ్లు కూడా ముట్టలేదు.

దినాల నాడు మనవరాలి చెయ్యి వాచింది. వియ్యపురాలు మళ్లీ అదే మాట అని, మంత్రగాడికి మనిషిని పంపింది. నేను పిల్ల రెండో చెయ్యి పట్టుకున్నాను.

"గడప దాటితే విషం ఎక్కుతదంట గదవ్వా?" అని గడప దగ్గర ఆగింది.

"దాటనియ్యకనే మీ అమ్మ సచ్చింది. దాటు."

దాటింది. ఇదీ నేను చేసిన దొంగతనం.

హైదరాబాద్‌లో ఆ డాక్టర్‌కే చూపించాను, తల్లి వాపే వచ్చిందన్నాడు. పిల్లను నేను పంపను. కావాలన్నవాళ్లు వచ్చి, పన్ను గురించి, గొంతు గురించి ఆ డాక్టర్ ఏం చెప్పాడో నా ముందు తప్పు లేకుండా అప్పజెప్పాలి.

పొద్దున దాని పై పెదవి ఉబ్బింది. గొంతు బాగానే ఉంది. ఇప్పుడు మధ్యాహ్నం, మగ్గం పక్కన చాప మీద నిద్రపోతోంది. నేను చెప్పడం ఆపి మాటిమాటికీ దాని ముక్కు దగ్గర అరచెయ్యి పెడుతున్నాను. పంతులు కలం ఎత్తి ఆగుతున్నాడు. ఊపిరి వెచ్చగా తగిలాక, ఇంక రాయి అంటున్నాను.

బాలమ్మ ఎడమ బొటనవేలి గుర్తు ఇది.
పక్కన ఉండి విన్నవాళ్లు: కొడుకు వెంకటప్ప, పొరుగింటి ఈరమ్మ.