రెండుసార్లు చెప్పిన సాక్ష్యం

జూన్, జూలై ఆదివారాల్లో మా చర్చిలో సాక్ష్యాల సమయం పెరుగుతుంది. పిల్లలకు సీట్లు వచ్చిన తల్లిదండ్రులు ఒకరి తర్వాత ఒకరు లేచి, ఏ కాలేజీలో ఏ కోర్సు వచ్చిందో చెప్పి, దేవునికి స్తోత్రం చెల్లించి కూర్చుంటారు. సీటు రానివాళ్లు లేవరు. వచ్చిన సీటు పిల్లలు కోరుకున్నది కాదని చెప్పడానికి కూడా ఎవరూ లేవరు. అందుకే ఈ సంగతి రాసి ఉంచాలనుకున్నాను. వచ్చే ఏడు మా వీధిలో ఇంకో తల్లి ఫోన్ చేత్తో పట్టుకుని నేను చేసిన పనే చేయబోవచ్చు. ఆమె దీన్ని చదవాలి.

నేను చిలకలగూడలో స్కూల్ యూనిఫాంలు కుడతాను. ఏ గడుల గుడ్డ ఏ బడిదో కళ్లు మూసుకుని చెప్పగలను. కొలతలివ్వడానికి వచ్చిన తల్లులు, సీతాఫల్‌మండి నుంచి వచ్చేవాళ్లు కూడా, "అక్కా, ఏ స్కూల్ మంచిగుంటదంటవ్?" అని అడుగుతారు. నాకు ఒక లెక్క ఉంది. అతుకులకు వచ్చిన నిక్కర్లు వెనక భాగంలో అరిగి ఉంటే ఆ బడిలో పిల్లల్ని కదలకుండా కూర్చోబెడుతున్నారని అర్థం. మోకాళ్ల దగ్గర చిరిగితే ఆటస్థలం ఉన్నట్టు. నా మాట విని పిల్లల్ని చేర్పించినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ గర్వం కూడా ఈ కథలో ఒక భాగమే.

నేను తొమ్మిదో తరగతితో బడి మానేశాను. నా చదువంతా లైబ్రరీలోదే. పెళ్లయిన కొత్తలో మిషన్ రిపేరుకిచ్చిన ఒక రోజు, ఎండకు నిలవలేక మా దగ్గరి శాఖా గ్రంథాలయంలోకి వెళ్లాను. ఊరికే కూర్చుంటే బాగుండదని ఒక పుస్తకం తీశాను. గుండెకు నాలుగు గదులుంటాయని ఆ రోజే తెలిసింది. అప్పటి నుంచి వెళ్లని వారం లేదు. గ్రహాలు, చట్టాలు, ప్రయాణాలు, కథలు, ఏ బీరువా దగ్గరుంటే ఆ బీరువా చదివాను. డిగ్రీ చదివినవాళ్లకు తెలియని మాట నాకు తెలిసినప్పుడు లోపల ఎంత సంతోషమో చెప్పలేను. పుస్తకాలుంటే చాలు, మిగతాదంతా మనిషి చేతిలోనే ఉందని నేను నమ్మాను. నా విషయంలో అది నిజమే. అందరి విషయంలోనూ నిజమే అనుకోవడం నా తప్పు.

మా అమ్మాయి ఇంటర్ బైపీసీ చదివింది. ఆమెకు పదేళ్లప్పుడు మా అత్తమ్మకు టీబీ వచ్చింది. కళ్లె పరీక్షకని ఆసుపత్రికి తిరుగుతుంటే, ల్యాబులో పనిచేసే ఒకామె మా పిల్లను స్టూలెక్కించి మైక్రోస్కోపులోంచి చూడనిచ్చింది. నీలం మీద సన్నటి ఎర్ర గీతలు. "ఇవేనా మా నానమ్మను తక్లీఫ్ పెడుతున్నయి? గింతేనా?" అని అడిగిందట. అత్తమ్మ కోలుకుంది. పిల్ల మాత్రం ఆ స్టూలు మీది నుంచి దిగలేదనే చెప్పాలి. ఇంటర్ అయిపోగానే నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి కాలేజీల వరస రాసిచ్చింది. అన్నిటి పక్కనా మైక్రోబయాలజీ అనే రాసింది. మొదట అమ్మాయిల కాలేజీ ఒకటి పెట్టింది. మా ఇంటి నుంచి నడిచి వెళ్లొచ్చు.

ఇక్కడ డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇస్తారు. కాలేజీ, కోర్సు మనకు కావలసిన వరసలో పెట్టాలి. కంప్యూటర్ పైనుంచి చూసుకుంటూ వస్తుంది. మన మార్కులకు ముందు ఏది అందితే అది ఇచ్చి ఆగిపోతుంది. కింద ఏముందో ఇక చూడదు.

ఆ వేసవిలో కుట్టుపని మధ్యలో తీరిక చేసుకుని నేనే కాలేజీలు చూడడానికి వెళ్లాను. ప్రతి చోటా ఒకటే అడిగాను: "లైబ్రరీ ఎక్కడుంది?" అమ్మాయి మొదట రాసిన కాలేజీలో లైబ్రరీ ఒక చిన్న గది. బెంచీలు విరిగి ఉన్నాయి. ఆమె కాగితంలో లేని ఇంకో కాలేజీలో రెండంతస్తుల లైబ్రరీ ఉంది. సెలవులు కాబట్టి తలుపు వేసి ఉంది. అద్దానికి నుదురు ఆనించి లోపలికి చూశాను. నేల నుంచి పైకప్పు దాకా పుస్తకాలు. అక్కడ మైక్రోబయాలజీ లేదు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం ఉన్నాయి. ఉంటే ఏం? ఇన్ని పుస్తకాలుంటే ఏ శాస్త్రమైనా చదువుకోవచ్చు కదా అనుకున్నాను.

ఆప్షన్లు పెట్టే రోజు అమ్మాయి చర్చిలో పాటల ప్రాక్టీసుకు వెళ్లింది. ఓటీపీ నా ఫోనుకే వస్తుంది. కాగితం తీసుకుని నెట్ సెంటర్‌కు వెళ్లాను. పెద్ద లైబ్రరీ ఉన్న కాలేజీని అన్నిటికంటే పైన పెట్టమంటే అక్కడి అన్న కాగితం తిప్పి చూశాడు.

"అక్కా, ఈ కాలేజీ గిండ్ల లేదు గదా. మీద పెట్టమంటున్నవా?"

"పెట్టన్నా."

"పాపకు ఎరుకేనా?"

"నేను చెప్తలే" అన్నాను.

చెప్పలేదు. ఒకసారి ఆ లైబ్రరీలో అడుగు పెడితే తనే మెచ్చుకుంటుందనుకున్నాను.

శుక్రవారం మెసేజ్ వచ్చింది. మొదటి ఆప్షనే. అమ్మాయి ఫోను చూసి, కాలేజీ పేరు రెండుసార్లు చదివి గదిలోకి వెళ్లింది. తప్పు కంప్యూటర్‌దనుకుందో, నాదనుకుందో నేను అడగలేదు. ఆదివారం నేను లేచి నిలబడ్డాను. "తొమ్మిదో తరగతి చదివిన నాకు దేవుడు లైబ్రరీ చూపించాడు. నా బిడ్డకు అంతకంటే పెద్ద లైబ్రరీ ఉన్న కాలేజీలో సీటిచ్చాడు" అని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రమన్నారు. పక్కన అమ్మాయి చున్నీ నుదుటి మీదికి లాక్కుని కూర్చుంది. బయటికొచ్చాక ఆడవాళ్లు చుట్టూ మూగారు. "ఇగ మన టైలరమ్మ ఎవరితోని మాట్లాడదు, కాలేజీ అమ్మ అయింది" అని ఒకామె నవ్వింది. నేనూ నవ్వాను.

మంగళవారం అమ్మాయిని ఆ కాలేజీకి తీసుకెళ్లాను. లైబ్రరీ తలుపు తీసే ఉంది. లోపల బీరువాలన్నిటికీ తాళాలు. మధ్యలో బల్లల మీద పరీక్ష పేపర్ల కట్టలు. అక్కడున్న అటెండర్‌ను తాళంచెవి అడిగాను.

"సార్ దగ్గర ఉంటదమ్మా. సార్ పరీక్షల పనిల ఉంటడు."

"మరి పిల్లలు పుస్తకాలు ఎట్ల తీసుకుంటరు?"

"తనిఖీకి వచ్చినప్పుడు తీస్తమమ్మా. మల్ల ఏస్తం. పోరగాళ్లు ఖరాబు చేస్తరు గదా."

బీరువా అద్దంలో మా ఇద్దరి ముఖాలు కనిపించాయి. వరస మార్చింది నేనేనని అమ్మాయికి అక్కడే చెప్పాను. ఆమె పుస్తకాల వైపే చూస్తూ అంది:

"నాకెరుకే అమ్మా. నెట్ సెంటర్ అన్న ఆప్షన్ల ప్రింటు తీసి ఇచ్చిండు. మంచిగుంది నీ కాలేజీ. నువ్వే చేరు. లైబ్రరీ కార్డు సుత తీసుకో."

రెండో విడతలో ఆప్షన్లు మళ్లీ పెట్టుకోవచ్చని, గడువు సోమవారం దాకా ఉందని చెప్పాను.

"ఎట్ల పెడ్తనమ్మా? అందరి ముంగట స్తోత్రం చెప్పించినవ్. ఇప్పుడు మార్చుకుంటే నువ్వు అబద్ధం చెప్పినవంటరు. వద్దు. గిదే చదువుత."

నన్ను కాపాడడానికి ఆమె మూడేళ్లు ఇచ్చేయడానికి సిద్ధపడింది. ఆ మాటకు నేను బస్సులో ఏడ్చాను. ఆమె ఏడ్వలేదు.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో మళ్లీ లేచాను. పాస్టర్ అయ్యగారు ఆశ్చర్యంగా చూశారు. ముందు బెంచీ పట్టుకున్నాను. "పోయిన వారం నేను చెప్పింది సగమే నిజం. సీటు వచ్చింది. అది నా బిడ్డ అడిగిన సీటు కాదు. ఆమె రాసిన కాగితం నేను ఆమెకు చెప్పకుండా మార్చాను. అది దేవుడు చేసిన పని కాదు, నేను చేసిన పని" అన్నాను.

సాక్ష్యం అయ్యాక అందరూ స్తోత్రమనడం మా ఆచారం. ఆ రోజు ఎవరూ అనలేదు. కాసేపటికి వెనక వరసలోంచి, రిటైరైన టీచరమ్మ ఒక్కరే, గట్టిగా, "స్తోత్రం" అన్నారు. నేను కూర్చున్నాను. బయట ఒకామె, "సీటు రానోళ్లు ఏడుస్తుంటే వచ్చిన సీటు వద్దంటవా? ఏం మనిషివమ్మా" అంది. ఆమె కొడుక్కు ఆ విడతలో సీటు రాలేదు.

ఆ మధ్యాహ్నం నెట్ సెంటర్‌లో అమ్మాయే కుర్చీలో కూర్చుంది. నేను ఓటీపీ చదివి చెప్పి బయట నిలబడ్డాను.

అమ్మాయిల కాలేజీలో మైక్రోబయాలజీ సీట్లు మొదటి విడతలోనే నిండిపోయాయి. ఆమె కాగితంలో నాలుగో కాలేజీ వచ్చింది. నగరానికి అవతలి చివర ఉంది. మొదటి విడతలో ఆమె రాసిన వరసే పెట్టి ఉంటే ఆమె మార్కులకు మొదటి కాలేజీయే వచ్చేదని నెట్ సెంటర్ అన్న తర్వాత చూసి చెప్పాడు. ఇప్పుడు ఆమె రెండో సంవత్సరం. రోజూ ఏడు కాకముందే టిఫిన్ డబ్బా తీసుకుని వెళుతుంది. పోవడానికి రెండు బస్సులు, రావడానికి రెండు. ఆ బస్సులు నేను పెట్టినవే. యూనిఫాం కొలతలకు వచ్చి ఏ స్కూల్ మంచిదని అడిగే తల్లులతో, "పిల్లను అడిగినవా?" అని మాత్రం అంటున్నాను.

పేర్లు రాయొద్దని అమ్మాయి షరతు పెట్టింది. అందుకని పిలిచే పిలుపులతోనే కృతజ్ఞతలు చెప్పుకుంటాను. నాకు మొదటి కార్డు ఇచ్చిన లైబ్రేరియన్ సారుకు. ఆయన బీరువాలకు తాళం వేయడం నేనెప్పుడూ చూడలేదు. అడగకుండానే ప్రింటు తీసి అమ్మాయికిచ్చిన నెట్ సెంటర్ అన్నకు. నన్ను రెండోసారి కూడా మాట్లాడనిచ్చిన అయ్యగారికి. ఒక్కరే స్తోత్రమన్న టీచరమ్మగారికి. నన్ను నిలదీసిన ఆమెకు కూడా. వాళ్ల బాబుకు చివరి విడతలో సీటు వచ్చింది, చొక్కాలు నేనే కుట్టాను. ఇదంతా విని, "నన్ను పరీక్షకు తీసుకపోయింది వట్టిగ పోలేదు" అన్న మా అత్తమ్మకు. ఒక చిన్నపిల్లను స్టూలెక్కించిన ఆ ల్యాబు అమ్మకు. ఆమె ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు.

అందరికంటే ముందు చెప్పాల్సింది మా అమ్మాయికి. ఈ పేజీలను ముందు ఆమెకే ఇచ్చాను. రెండో బస్సులో నిలబడి చదివిందట. ఏ మాటా మార్చకుండా తిరిగి ఇచ్చింది.