నూలు కాలిన వాసన

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. దయ్యం పేరు చెప్పి మనుషులు చేసే పనులను మాత్రం కళ్ళారా చూశాను. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే ఒళ్ళు మండుతుంది.

చొప్పదండి దగ్గర మాది మగ్గాల ఇల్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మాట. మా అవ్వ, అంటే కన్నతల్లి, పోయాక ఇంట్లో పెత్తనమంతా పెద్దమ్మది, అంటే మా బాపు అన్న భార్యది. బాపు నేస్తే, నా తోడబుట్టిన రాజవ్వక్క రాట్నం మీద నూలు కండెలు చుట్టేది.

చుడుతూ చుడుతూ అక్క ఒక్కోసారి ఆగిపోయేది. కళ్ళు తెరిచే ఉండేవి, పోగు చేతిలోనే ఉండేది, పిలిస్తే పలికేది కాదు. కాసేపటికి ఏమీ జరగనట్టు మళ్ళీ తిప్పేది. పనిదొంగ అని పెద్దమ్మ నెత్తిన మొట్టేది.

ఇంకొన్నిసార్లు "నూలు కాలుతంది" అని అరిచేది. మగ్గాల ఇంట్లో ఆ మాటకు ఎంత భయమో నేసేవాళ్ళకే తెలుసు. పైన గడ్డి కప్పు, కింద నూలు. అందరం బిందెలు పట్టుకుని ఉరికేవాళ్ళం. ఎక్కడా నిప్పు ఉండేది కాదు. తిరిగి వచ్చేసరికి అక్క కింద పడి కొట్టుకుంటూ ఉండేది, నోట నురగ.

ఆగితే బద్ధకం, అరిస్తే అబద్ధం, పడితే దయ్యం. మా వాళ్ళ వైద్యం అంతవరకే. మంత్రగాడెవడో చెప్పాడని పెద్దమ్మ కొడవలి కాల్చి అక్క పిక్క మీద వాత పెట్టింది. ఆ కేకను నేను మరవలేదు. పెద్దమ్మను మన్నించలేదు.

చివరికి బాపు తెగించి అక్కను కరీంనగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెంట ఉన్నాను. ఆయన ఓపికగా అన్నీ అడిగి, మూడూ మూర్ఛే అన్నాడు. చూపు నిలిచిపోవడం ఒక రకం, కొట్టుకోవడం ఒక రకం. లేని వాసన రావడం కూడా మెదడు చేసే పనేనట, అది ఆమె ఒక్కదానికే వస్తుందట, పక్కవాళ్ళకు రాదట. మాత్రలిచ్చి, ఆపొద్దని మరీ మరీ చెప్పాడు.

"సూదిచ్చెటోనికి దయ్యం సంగతేం ఎర్క?" అని పెద్దమ్మ ఆ మాత్రలు దాచేసింది. అక్క మళ్ళీ పడసాగింది.

బాపు నూలు కోసం పోయిన ఒక రోజు, పట్టపగలు, పెద్దమ్మ అక్కను గుంజకు కట్టేసింది. అడ్డం పోయిన నన్ను నూకేసింది.

"గీపారి వాత మెడ మీద పెడ్తే గా దయ్యం ఉరుకుతది" అంటూ కొడవలి తెచ్చింది. పొయ్యి ఇంకా రాజేయలేదు.

అక్క చూపు నిలిచిపోయింది. "కాలుతంది," అంది మెల్లగా.

అప్పుడు నాకూ వచ్చింది, కాలిన నూలు వాసన, ముక్కు మండేంతగా. నాకు మూర్ఛ లేదు. పెద్దమ్మ కూడా ముక్కు ఎగబీల్చింది, చేతిలో కొడవలి జారిపోయింది.

"ఓ పోరీ, నీకస్తందా?"

"అస్తంది" అన్నాను.

మగ్గం గుంట, నూలు కట్టలు, కప్పు, అన్నీ వెతికింది. ఇరుగుపొరుగు ఇళ్ళలోనూ చూసి వచ్చింది. ఎక్కడా ఏమీ కాలలేదు. అక్క కట్లు విప్పి, కొంగు ముడిలోని మాత్రలు తీసి ఆమె ఒళ్ళో పడేసింది.

అక్క మాత్రలు మానలేదు. పడటం తగ్గింది, ఆ వాసన ఆమెకు మళ్ళీ రాలేదు. అది మందు గుణం, నాకు అర్థమవుతుంది. అర్థం కానిది పెద్దమ్మ సంగతి. ఆమె ఒక్కనాడూ పడలేదు, చూపు నిలవలేదు. కానీ బతికినన్నాళ్ళూ అన్నం ముందు కూర్చుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అడిగేది. "ఏదో కాలుతంది బిడ్డా, నీకస్తలేదా?"

నాకు వచ్చేది కాదు. రాలేదనే చెప్పేదాన్ని, ఏ మాత్రం జాలి లేకుండా. ఆ రోజు మా ముగ్గురికీ ఆ వాసన ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

అక్క మాత్రం ప్రతిసారీ లేచి, పిక్క మీది వాత కనపడేలా చీర ఎత్తి చెక్కి, బిందె పట్టుకుని ఇల్లంతా వెతికి వచ్చేది. "ఏం లేదు పెద్దమ్మా, తిను" అనేది. అదీ నాకు అంతుపట్టలేదు.