మావ హుక్కు తగిలించుకున్నాడు

చచ్చిపోయిన మనిషి మీద అబద్ధం రాశారు. "సేఫ్టీ బెల్టు హుక్కు తగిలించుకోనందువల్ల, తన స్వంత తప్పిదంతో కార్మికుడు పడిపోయాడు" అని కంపెనీ రిపోర్టులో ఆఖరి లైను. మూడు వారాల కిందట ఈ పరాయి దేశంలో, పాసిర్ రిస్‌ అనే చోట తొమ్మిదో అంతస్తు పరంజా మీంచి పడి చనిపోయిన ఆ కార్మికుడు నాకు మావ. రక్తసంబంధం ఏమీ లేదు. శ్రీకాకుళం జిల్లాలో ఆయనదో ఊరు, నాదో ఊరు. డార్మిటరీలో నా కింది బంకు ఆయనది. వచ్చిన రోజే నేను మావా అన్నాను, ఆయన అల్లుడా అన్నాడు. అంతే వరస.

పడినప్పుడు నేను రెండు చేతుల దూరంలో ఉన్నాను. ఆయన కాళ్ళ కింద చెక్క విరిగింది. మావ నా వైపు చూశాడు. అరవలేదు. కిందనుంచి సిమెంటు బస్తా పడ్డట్టు చప్పుడొచ్చింది. ఇప్పటికీ అన్నం కలుపుకుంటుంటే ఆ చప్పుడు వినిపించి చెయ్యి ఆగిపోతుంది.

మావ పదో తరగతి తప్పాడు. సెరంగూన్‌లో ఒక కాండో అపార్టుమెంటుకి రంగులేసేటప్పుడు చెత్తగదిలో అట్టలేని ఇంగ్లీషు పుస్తకం దొరికింది ఆయనకి. ఫోను కెమెరా పెట్టి రోజుకో పేజీ తెలుగులోకి తిప్పుకునేవాడు. ఫోను చెప్పిన తెలుగు ఎవరికీ అర్థమయ్యేది కాదు. దాన్ని మళ్ళీ మన తెలుగులోకి తిప్పి, పొద్దున్న లారీ వెనక మోకాళ్ళు మోకాళ్ళు ఆనించుకుని కూర్చున్న మాకు, హైవే గాలి మీద గొంతు పెంచి చెప్పేవాడు. నల్లవాళ్ళని సంతలో పశువుల్లా అమ్మే కాలంలో, దాని మీద తిరగబడ్డ ఒక అమెరికా తెల్లాయన కథ అది. ఆ మనిషి పేరు మాలో ఎవరికీ నోరు తిరగలేదు. పొడుగు గెడ్డం ఉందని మావ "గెడ్డపోడు" అని పెట్టాడు.

"ఇద్దరు పెళ్ళాలురా గెడ్డపోడికి. ఒకర్తి పోయాక ఇంకొకర్తి. ఇరవైమంది పిల్లలు."

"ఆడికింకేటి పనీ నేదేటి మావా?" అన్నాడు వెల్డరు. లారీ అంతా నవ్వింది.

"ఎందుకు నేదు? తోళ్ళు పదును సేసీవోడు. గొర్రెలు పెంచీవోడు. ఏ ఏపారం ఎట్టినా మునిగిపోయీవోడు. ఒక్క నెల్లో నలుగురు పిల్లల్ని పూడ్సినాడు."

నవ్వు ఆగిపోయింది. మావ చెప్పే తీరు అలాగే ఉండేది. నవ్వించి, నోరు తెరిచి ఉండగా లోపల రాయి పెట్టేవాడు.

ఒక రోజు పెద్దకొడుకు సంగతి చెప్పాడు. ఆ పిల్లాడు తోళ్ళ పనిలో మాటిమాటికీ తప్పులు చేస్తున్నాడు. తండ్రి కొరడా తీశాడు. పడాల్సిన దెబ్బల్లో మూడో వంతు కొట్టాడు. తర్వాత తన చొక్కా విప్పి, కొరడా కొడుకు చేతికిచ్చి, మిగతావి నా వీపు మీద కొట్టు అన్నాడు. నెత్తురొచ్చేదాకా కొట్టించుకున్నాడు.

"పిచ్చోడు," అన్నాను నేను.

"అవునేమో," అన్నాడు మావ.

వారం తిరక్కుండానే నా చేతిలోంచి పరంజా గొట్టాలు బిగించే క్లాంపు జారింది. ఇనప క్లాంపు, ఏడో అంతస్తు నుంచి. కింద బంగ్లాదేశీ మనిషి చెవి పక్కనుంచి పోయి నేలలో దిగబడింది. మావ దిగొచ్చి నా చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లింది. తర్వాత తన హెల్మెట్ తీసి, "ఇప్పుడు నన్ను కొట్టు. నేర్పింది నేనే గదా," అన్నాడు. మెల్లిగా తాకించాను. "గట్టిగా కొట్రా, సవటా." కొట్టాను. ఆయన నోట్లోనూ నెత్తురు వచ్చింది. ఇద్దరం ఒకే కుళాయి కింద మొహాలు కడుక్కున్నాం. ఆ తర్వాత నా చేతిలోంచి ఏదీ జారలేదు.

గెడ్డపోడు కొడుకుల్ని వెంటేసుకెళ్ళి బానిసత్వం ఉండాలనే పక్షం వాళ్ళని ఐదుగురిని ఇళ్ళలోంచి ఈడ్చి కత్తులతో నరికించిన ఘట్టం వచ్చినప్పుడు మావ రెండు రోజులు కథ ఆపేశాడు. మేం గొడవ చేస్తే మూడో రోజు చెప్పాడు. నాకు ఒళ్ళు పొంగింది.

"మంచి పని సేసాడు మావా."

"ఆళ్ళకీ పెళ్ళాలున్నార్రా. గుమ్మంలో నిలబడి సూసారు." "కోపం మంచిదే. కత్తి దానికి ఇవ్వకు. నోరియ్యి."

ఆఖరికి ఆ ముసలాడు ఆయుధాల గిడ్డంగి మీద పడ్డాడు. ఇద్దరు కొడుకులు తూటాలు తిని ఆయన కళ్ళముందే పోయారు. ఆయన్ని పట్టుకుని ఉరేశారు. ముందురోజు పెళ్ళాం రైలెక్కి వచ్చింది. మావ మనసు ఆ ఇల్లాలి దగ్గరే ఆగిపోయింది. "కథలోళ్ళు గెడ్డపోణ్ణే సెప్తారు. ఇరవైమందిలో పదమూడుగుర్ని కన్నది ఈవిడ. శవం తీసికెళ్ళడానికొచ్చింది. ఆవిడికేటి సెప్పారో, ఏటి సేతిలో పెట్టారో, అది రేపు సెప్తాను," అన్నాడు.

ఆ రేపు మావ పోయాడు.

మిగతాది నేనే ఫోను పెట్టుకుని చదివాను. పెనిమిటి శవం ఇచ్చారు. కొడుకుల్ని ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ పొద్దున్న సంగతి. పైకెక్కే ముందు జోడీలో ఒకరి హుక్కు ఒకరు చూడాలి. మావ హుక్కుని చెవి దగ్గర పెట్టుకుని నొక్కేవాడు. టిక్ అనాలి. నా హుక్కు అనలేదు. లోపలి స్ప్రింగు చచ్చిపోయింది, నోరు పూర్తిగా మూసుకోవడంలేదు. స్టోరుకెళ్ళాం. కొత్త బెల్టులు సోమవారం వస్తాయి, పని ఆపితే సూపర్‌వైజరుకి మీరే చెప్పుకోండి అన్నారు. మావ తన బెల్టు విప్పి నా మీదకి విసిరాడు. "నాదేసుకో. నేను పాతోణ్ణి, సూసుకుంటాను." నేను వేసుకున్నాను, నాది ఆయన కట్టుకున్నాడు. వద్దని ఒక్కసారైనా అనలేదు. ఆ దెబ్బ నాదే, ఎవరితో పంచుకోను.

ఆయన హుక్కు తగిలించుకున్నాడు. నా కళ్ళతో చూశాను. బరువు పడగానే దాని నోరు తెరుచుకుంది.

డార్మిటరీలో ఒకడు "తాగున్నాడేమో" అన్నాడు. వాడి ముక్కు పగలగొట్టాను. వాడి నెత్తురు నా చొక్కా మీద చూశాక, నోరియ్యి అన్న మాట గుర్తొచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఊళ్ళో ఉన్న అత్తకి, అంటే మావ ఇల్లాలికి, శవం పెట్టెతో పాటు ఆ రిపోర్టు పంపారు. ఎవరో తెలుగు చేసి చదివిపెట్టారు. ఫోన్లో నాతో అంది: "హుక్కు ఎట్టుకోడం మర్సిపోనాడంట గదా అల్లుడూ. పిల్లలకీ అదే సెప్పినాను, మీ నాయిన మనల్ని తలుసుకోకుండా పైకెక్కీసినాడని." చనిపోయిన మొగుడి మీద కోపంగా ఉంది ఆవిడ. ఏడవడం కూడా లేదు. మావని రెండోసారి చంపింది ఆ లైను.

దాన్ని రాసిన సేఫ్టీ ఆఫీసరు మన తెలుగువాడే. ఈ పత్రిక ఆయనింటికి వస్తుందని నాకు తెలుసు. నేను జరిగింది చెబితే, "తమ్ముడూ, నీ వర్క్ పర్మిట్ గుర్తుపెట్టుకో" అన్నాడు. అన్నా, గుర్తుంది. పోతే పోనీ. నువ్వు ఒక్కటి గుర్తుపెట్టుకో. మా బెల్టుల మీద మార్కరుతో ఎవరి పేరు వాళ్ళం రాసుకుంటాం. కిందపడ్డ మావ నడుముకి నా పేరున్న బెల్టు ఉంది. విప్పి తీసికెళ్ళింది నువ్వే. అది ఎక్కడుంది? ఆయన ఒంటిమీద నా పేరు ఎందుకుంది?

చదివేవాళ్ళకి ఒక మాట. మీ కిటికీ బయట గోడ తెల్లగా ఉందంటే దాని ముందు ఎవరో వేలాడారు. మీలో ఎవరికైనా ఈ ఆఫీసరు తెలిసుంటే ఇది చూపించండి.

అన్నా, నాకు కావాల్సింది ఇది. ఆఖరి లైను కొట్టేయాలి. హుక్కు పాడైంది, మార్చమని అడిగారు, మార్చలేదు అని రాయాలి. దాన్ని నువ్వే అత్తకి ఫోన్ చేసి, తెలుగులో, పిల్లలు వింటుండగా చదవాలి.

మావ పేరున్న బెల్టు నా బంకు కడ్డీకి వేలాడుతోంది. నడుము దగ్గర ఆయన చెమట ఉప్పు తెల్లగా గీతలు కట్టింది. రోజూ పొద్దున్న హుక్కు చెవి దగ్గర పెట్టుకుని నొక్కుతున్నాను. టిక్ అంటోంది. సోమవారం తెల్లారగానే దాన్ని భుజాన వేసుకుని కార్మికుల ఫిర్యాదులు తీసుకునే ఆఫీసుకి వెళతాను. దానికి ముందే నీ జవాబు రావాలి. శుక్రవారం సాయంత్రం ఐదు గంటల దాకా చూస్తాను.