నిండుగా ఎక్కి ఖాళీగా దిగే దారి

జూలై నెలలో, మధ్యాహ్నం రెండున్నరకు దిమాపూర్ స్టేషన్‌లో దిగాను. భుజాన కిట్ బ్యాగు, చేతిలో ట్రంకు పెట్టె. ఒళ్ళంతా చెమట. నేను తెలుగు అయిదో తరగతి దాకే చదివాను. ఆపైన కన్నడమే. తప్పులుంటే మన్నించండి, చూసింది మాత్రమే రాస్తాను.

నా డ్యూటీ మిలిటరీ లారీ నడపడం. దిమాపూర్‌లో సామాను ఎక్కించుకుని కోహిమాలో దించాలి. పొద్దున అయిదున్నరకు కాన్వాయ్ కదిలేది. బండికీ బండికీ యాభై మీటర్లు. పది గంటలకల్లా పైన ఉండేవాళ్ళం.

దిమాపూర్ చదును నేల. రైలు ఉంది. బియ్యం గోదాములు, సిమెంటు, ఇనుము, హోల్‌సేల్ అంగళ్ళు. కోహిమా కొండ మీది ఊరు. ఒకరి ఇంటి కప్పు పక్కవాళ్ళ గడప ఎత్తున ఉంటుంది. ఆఫీసులు, బడులు, నెల జీతాలు. జూలైలోనూ స్వెటర్ కావాలి. ప్రతి చూరు కింద వాననీటి డ్రమ్ము. ఉప్పు దగ్గర్నుంచి అన్నీ కిందినుంచే రావాలి.

మా హవల్దార్‌ది హిందూపురం. "పైన సర్కారు, కింద సంత. మధ్యలో మనం ఉండాము చూడప్పా" అనేవాడు.

పైనుంచి కిందికి వచ్చేవి కూరగాయలే. బుట్టలతో ఆడవాళ్ళు రోడ్డు పక్కన నిలబడేవాళ్ళు.

"ఖాళీగానే పోతాము కదన్నా, ఎక్కించుకుంటే ఏమి?" అని హవల్దార్‌ను అడిగాను.

"సివిల్ లోడ్ ఎక్కిస్తే నా చేతి మీది హవల్దార్ పట్టీలు పీకుతారు. నీకైతే పీకేకి ఏమీ లేదులే."

ఆగస్టులో మూడు రోజులు వాన పట్టింది. కొండ విరిగి రోడ్డు మీద పడింది. పై క్యాంపులో మా వంటవాడు నిమోనియాతో పడుకుని ఉన్నాడు. రేడియోలో నర్సింగ్ అసిస్టెంట్ గొంతు వినిపించింది.

"ఆక్సిజన్ మధ్యాహ్నం ఒంటిగంట దాకానే. ఓవర్."

ఆర్డర్ వచ్చింది. పైనుంచి వచ్చే బండి విరిగిన చోటికి అవతల ఆగుతుంది, మేం ఇవతల ఆగాలి. సామాను చేతుల మీద దాటించాలి. తొమ్మిదీ పదికి చేరాం. మధ్యలో ఎనభై అడుగుల బురద. ఒక పక్క లోయ. ముందు నాలుగు చిన్న సిలిండర్లు దాటాలి.

"నేను మోస్తానన్నా" అన్నాను. మా అమ్మానాన్న బెంగళూరులో బిల్డింగుల దగ్గర ఇసుక, ఇటుకలు మోసినవాళ్ళు. నాకు తెలిసిన మోత అదే. సిలిండర్ భుజానికెత్తి రెండు చేతులా పట్టుకున్నాను. సగం దూరంలో కాలు మోకాటిదాకా దిగబడింది. పట్టుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. సిలిండర్ జారి లోయ అంచున రాయికి ఆనుకుంది.

"కదలొద్దురా! అట్లే ఉండు!" హవల్దార్ అరిచాడు.

ఆ పొద్దున బుట్టలతో బురద దాటి వచ్చిన ఆడవాళ్ళు నలుగురు మా బండి పక్కన వానలో ఉన్నారు. వాళ్ళలో ఒక ముసలామె తన బుట్ట కింద గుమ్మరించింది. అన్నీ మన బెంగళూరు వంకాయలు. అక్కడ కొండంతా అవే పండిస్తారు. మెల్లగా నా దగ్గరికి వచ్చి, వంగి సిలిండర్ అందుకుంది. బుట్టలో పెట్టి, వెదురుపట్టీ నుదుటికి తగిలించుకుంది. బరువంతా తల మీద, చేతులు రెండూ ఖాళీ. రాయీ రాయీ పట్టుకుంటూ దాటింది. వెనకే మిగతా ముగ్గురూ, తలా ఒక సిలిండర్‌తో.

పదకొండూ ఇరవైకి రేడియో పలికింది. "చేరినాయి. పెట్టేసినాం. ఓవర్."

మిగతా సామాను దాటేసరికి రెండయింది. ఆడవాళ్ళు ఖాళీ బుట్టలతో తిరిగి వచ్చారు. హవల్దార్ కాయల కుప్ప చూశాడు, ఖాళీ బండి చూశాడు.

"కాయలనూ వాళ్ళనూ ఎక్కించప్పా."

"పట్టీలన్నా?"

"ఈ వానలో ఖాళీ బండి జారుతాది. బరువుండాల."

మూడో రోజు వంటవాడు తానే రేడియోలోకి వచ్చాడు. గంజిలో ఉప్పు లేదని తిట్టాడు.

రెండేళ్ళకు సర్వీసు ముగించుకుని బెంగళూరు తిరిగి వచ్చాను. ఇప్పుడు నీళ్ళ ట్యాంకర్ నడుపుతున్నాను. బొమ్మనహళ్ళి బోరు దగ్గర నింపుకుని, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అపార్ట్‌మెంట్లలో పోస్తాను. నిండుగా వెళ్ళి ఖాళీగా వస్తాను. ఖాళీగా వచ్చేటప్పుడే ఆ ముసలామె కళ్ళ ముందు కనిపిస్తుంది. ఆ రోజు దిమాపూర్ సంతలో మా బండి దిగి, తన బుట్ట దించుకుని పట్టీ తీసింది. నుదుటి మీద ఈ చెవి నుంచి ఆ చెవిదాకా నున్నటి గాడి. వాననీళ్ళు కళ్ళలోకి దిగకుండా ఆ గాడి వెంటే పక్కకు పారుతున్నాయి.