తెర వెనక చూసిన సినిమా

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో పనిమీద మద్రాసు నుంచి మాచర్ల వెళ్ళాను. తెలుగువాళ్ళమే అయినా నేను పుట్టి పెరిగింది మద్రాసులోనే. మాచర్లలో డేరా వేసి అరవ సినిమా ఆడిస్తున్నారంటే మా ఊరి మీద బెంగతో వెళ్ళాను. అంటరానితనం మీద తీసిన కథ. చివర్లో పెద్దింటావిడ, గడప తొక్కనివ్వని కూలిమనిషిని లోపలికి పిలిచి, పక్కన కూర్చుని అన్నం తింటుంది.

మర్నాడు గుంటూరు రైల్లో, బల్ల ఖాళీగా ఉన్నా ఒక ముసలమ్మ కిందే కూర్చుంది. పత్తి తీయడానికి సత్తెనపల్లి పోతోందట. నాది మద్రాసని తెలిసి ఆత్రంగా అడిగింది.

"అయ్యా, మీ అరవదేశంలో ఎడం చేత్తో తింటారా?"

"ఎవరు చెప్పారమ్మా?"

"రాత్రి డేరాలో చూశా గదయ్యా. ఆళ్ళిద్దరూ ఎడం చేత్తోనే తిన్నారు."

అప్పుడు తట్టింది నాకు. మేమంతా తెర ముందు కూర్చున్నాం. ఈమె వాడవాళ్ళను తెర వెనక కూర్చోబెట్టారు. అటునుంచి చూస్తే కుడి ఎడమవుతుంది. అంటరానితనం తప్పని చెప్పే ఆ సినిమాకు కూడా వాళ్ళ చోటు తెర వెనకే!

"కుడి చేత్తోనే తిన్నారమ్మా. వెనక నుంచి అట్లా కనపడింది."

"ఏ చేత్తో అయితే ఏందిలే. పక్కన కూకోబెట్టుకుంది, అది చాలు."

సత్తెనపల్లిలో మూట నెత్తికెత్తుకుని దిగి, కిటికీ దగ్గరికొచ్చింది.

"అట్లా పక్కన కూకోబెట్టుకునే ఊరికి ఈ రైలు పోద్దా, అయ్యా?"

బండి కదిలింది. మద్రాసు మీద బెంగ ఇల్లు చేరగానే తీరింది. ఆమె అడిగిన ఊరి మీద బెంగ ఇంకా తీరలేదు.